ఎర్హుకు ఆ గొంతు ఎక్కడిది?

చైనా సినిమాలో ఎడబాటు ఘట్టం రాగానే వెనక నుంచి సన్నగా, ఆడమనిషి గొంతుకు చాలా దగ్గరగా ఒక తీగ వాద్యం అందుకుంటుంది. అది ఎర్హు. చెవికి తోచే రూపానికీ, కంటికి కనిపించే వస్తువుకూ పొంతన కుదరదు. సుమారు 80 సెంటీమీటర్ల పొడవున్న సన్నని కర్ర దండి, దాని కింది కొసన గుచ్చినట్టుగా ఓ చిన్న చెక్క డబ్బా, పైకొసన రెండు పెద్ద బిరడాలు, రెండే రెండు తీగలు. వాద్యమంతా ఇంతే. డబ్బాకు ఎక్కువగా ఆరు పలకలుంటాయి. దాని ముందు ముఖం అడ్డకొలత తొమ్మిది సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఆ ముఖానికి కొండచిలువ చర్మం లాగి అంటిస్తారు. వెనక వైపు మూత ఉండదు, ఒక చెక్క జాలీ మాత్రం ఉంటుంది. చర్మం నడిమధ్య నిలబెట్టిన చిటికెడంత బ్రిడ్జి మీదుగా తీగలు కిందికి దిగుతాయి. వాయించేవారు కూర్చుని డబ్బాను ఎడమ తొడ మీద ఆనించుకుంటారు. కమాను తీసి పక్కన పెడదామంటే కుదరదు, దాని గుర్రపు వెంట్రుకలు రెండు తీగల సందులోంచి దూరి ఉంటాయి. ఆ వెంట్రుకలను అవతలికి నెడితే బయటి తీగ, ఒంటివైపు లాగితే లోపలి తీగ పలుకుతుంది. లోపలి తీగను షడ్జం అనుకుంటే బయటిది పంచమం. నేటి వాడుకలో అవి సుమారు 294, 440 హెర్ట్జ్.

వయొలిన్ పక్కన నిలబెడితే ఎర్హులో కనిపించేవన్నీ లోట్లే. వేలితో తీగను అదిమి ఆనించడానికి కింద పలక లేదు. నాలుగు తీగలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఒంపుగా చెక్కిన చెక్క ముఖానికి బదులు పాము చర్మం ఉంది. కమానుకు ఇష్టమొచ్చినట్టు ఎగిరే వీలు లేదు. కాబట్టి ఇది వయొలిన్ దాకా ఎదగలేక నడిదారిలో ఆగిపోయిన వాద్యమని అనుకోవడం తేలిక. చైనాలోనే 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో చాలామంది చదువుకున్నవాళ్ళు అలాగే అనుకున్నారు. నా వాదన దీనికి ఎదురు. ఎర్హు మనిషి గొంతులా వినిపించడానికి కారణం ఆ లోట్లే. వాటిలో ప్రతి ఒక్కటీ భౌతికంగా ఒక పని చేస్తోంది, ప్రతి ఒక్కదానికీ వాద్యం ఏదో ఒక మూల్యం చెల్లిస్తోంది. ఆ మూల్యం తెలిసి కూడా గత నూరేళ్ళ సంస్కర్తలు తక్కినవన్నీ మార్చి వీటిని వదిలిపెట్టారు. వదిలిపెట్టకుండా మార్చినచోట ఏమైందో కూడా చూడొచ్చు.

ముందు వయసు సంగతి తేల్చాలి, ఎందుకంటే ఎదగలేదన్న మాట నిలబడింది దాని మీదే. 1100 ప్రాంతంలో చెన్ యాంగ్ అనే పండితుడు సాంగ్ చక్రవర్తికి సమర్పించిన బృహత్తర సంగీత గ్రంథంలో షీచిన్ అనే రెండు తీగల వాద్యం ఉంది. ఈశాన్య సరిహద్దుల్లోని షీ తెగవారిదని చెప్పే ఆ వాద్యాన్ని తీగల మధ్య వెదురు బద్ద పెట్టి, రాసి వాయించేవారు. అంతకు కాస్త ముందే షెన్ క్వో (1031–1095) తన గీతమొకదాంట్లో గుర్రపు తోక వెంట్రుకల హుచిన్ అనే వాద్యాన్ని ప్రస్తావించారు. అయస్కాంతపు సూది గురించి, శిలాజాల గురించి రాసిన బహుశాస్త్రవేత్త ఆయన. ఆయనే ఇంకో ముచ్చట నమోదు చేశారు. రాజభవనంలో విందు జరుగుతుండగా షూ యన్ అనే ఆస్థాన విద్వాంసుడి వాద్యం తీగ ఒకటి తెగింది. అది కూడా ఈ కుటుంబపు వాద్యమే. ఆయన వాద్యం మార్చమని అడగలేదు, మిగిలిన ఒక్క తీగ మీదే పాట పూర్తి చేశారు. రెండు తీగలు చాలవనేవాళ్ళకు ఇది చెప్పాల్సిన కథ. 14వ శతాబ్దిలో కూర్చిన యువాన్ వంశ చరిత్రలో రెండు తీగలు, గుర్రపు తోక వెంట్రుకల కమాను రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఇటలీలో వయొలిన్ రూపు దిద్దుకున్నది ఆ తర్వాత, 16వ శతాబ్దిలో. అంటే రెండూ ఒకే దారిలో ముందూ వెనకా నడిచినవి కావు, వాటి దారులే వేరు. పాతది కాబట్టి గొప్పదని నేననడం లేదు. అయితే ఆ దారి ఎక్కడికి తీసుకుపోయిందో దాని లెక్కలోనే చూడాలి.

ఆ లెక్క కమాను దగ్గర మొదలవుతుంది. మీటిన తీగ ఒక్కసారి కదిలి, ఆపైన చల్లారిపోతుంది. కమాను తీగకు చల్లారే అవకాశం ఇవ్వదు. రోజిన్ అనే బంక రాసిన వెంట్రుకలు తీగను పట్టుకుని తమ వెంట లాక్కుపోతాయి, ఒక దశలో తీగ జారి వెనక్కి దూకుతుంది, వెంటనే మళ్ళీ పట్టు. కంటికి తీగ మొత్తం ఉబ్బినట్టు కనిపిస్తుంది కానీ, ఏ క్షణంలో చూసినా దాని మీద ఒకే ఒక్క పదునైన మడత ఉంటుందని, అది ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి తిరిగొస్తూ ఉంటుందని 1860లలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టారు. రాత్రంతా ఊరు చుట్టి గస్తీ తిరిగే తలారి ప్రతి చుట్టులోనూ ఒకే గడప ముందు కర్ర తాటించినట్టు, ఆ మడత కమాను కిందుగా పోయినప్పుడల్లా పట్టు విడిపిస్తుంది, తిరుగు దారిలో మళ్ళీ పట్టిస్తుంది. ఎర్హు బయటి తీగ మీద ఈ గస్తీ సెకనుకు 440 చుట్లు. దీని ఫలితంగా బ్రిడ్జి మీద పడే బలం రంపపు పళ్ళ ఆకారంలో ఎక్కి దిగుతుంది. రంపపు పళ్ళ ఆకారమంటే 440కి తోడు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఇలా అనుస్వరాలన్నీ కచ్చితమైన గుణిజాలుగా, మెల్లగా తగ్గుతూ ఉంటాయన్నమాట. మనిషి స్వరతంత్రుల నుంచి వచ్చే ముడి ధ్వని కూడా ఇలాగే అనుస్వరాలతో నిండి ఉంటుంది. హెల్మ్‌హోల్ట్జ్ గమనించినదాన్ని యాంత్రిక సిద్ధాంతంగా నిలబెట్టింది సి.వి. రామన్. విశాఖపట్నంలో బడి చదువు చదివి, ఆ తర్వాత కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగం చేస్తూ ఖాళీ వేళల్లో తీగల మీద ప్రయోగాలు చేసిన రామన్, 1918లో కమాను తీగల కంపనాల మీద ఒక గ్రంథమే ప్రచురించారు. నోబెల్ బహుమతికి పన్నెండేళ్ళ ముందటి పని అది.

ఇక చర్మం. తీగ సన్నగా ఉంటుంది కాబట్టి గాలిని తానుగా కదిలించలేదు, ఆ పని చర్మం చెయ్యాలి. ఇక్కడే కొందరికి ఓ అనుమానం వస్తుంది. సాదా గుండ్రటి చర్మాన్ని కొడితే దాని కంపన రీతులు 1, 1.59, 2.14, 2.30 ఇలా అడ్డదిడ్డమైన నిష్పత్తుల్లో ఉంటాయి. మామూలు డప్పుకు నిలకడైన శ్రుతి లేకపోవడానికి కారణమిదే. మృదంగం కుడి ముఖం మధ్యన నల్లని ముద్ద అంటించి మన వాద్యకారులు ఆ నిష్పత్తుల్ని పూర్ణాంకాల్లోకి తెచ్చుకున్నారని 1920లోనూ, మళ్ళీ 1934లోనూ రామనే వివరించారు. ఎర్హు చర్మం మీద అలాంటి ముద్దేమీ లేదు. మరి శ్రుతి ఎలా నిలుస్తోంది? ఎర్హులో శ్రుతి పూర్తిగా తీగ చేతుల్లో ఉంది, తీగ ఎంతలో కదిలితే చర్మం అంతలోనే కదలాలి. చర్మం నిర్ణయించేది ఒక్కటే: వచ్చిన అనుస్వరాల్లో దేన్ని బిగ్గరగా పంపాలి, దేన్ని అణచాలి అన్నది. నోటిలోని ఖాళీ స్వరతంత్రుల ధ్వనిని ఆ, ఈ, ఊ అనే అచ్చులుగా విడదీసేది కూడా ఇలా కొన్నింటిని పైకెత్తి కొన్నింటిని అణచడం ద్వారానే. కాబట్టి చర్మపు రీతులు అడ్డదిడ్డంగా ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది. నాదానికి ఎగుడు దిగుడు రంగు పడింది. పరిమాణం కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. 294 హెర్ట్జ్ ధ్వని గాలిలో దాదాపు 117 సెంటీమీటర్ల తరంగం. తొమ్మిది సెంటీమీటర్ల చర్మం అంత పొడవైన తరంగాన్ని బలంగా పంపలేదు. అందుచేత ఎర్హు కింది స్వరాల్లో మూలస్వరం బలహీనంగా, పై అనుస్వరాలు బలంగా చెవిని చేరతాయి. ఆ అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి మూలస్వరమేదో మెదడే తేల్చుకుంటుంది. ముక్కుతో పాడినట్టుండే ఆ జీరకు మూలం ఇదే.

అయినా ఇవన్నీ వయొలిన్‌లో కూడా కొంత ఉన్నాయి, చెక్క ముఖానికీ సొంత అనునాదాలుంటాయి. అసలు తేడా ఎడమ చేతిలో ఉంది. ఎర్హు దండికీ తీగలకూ మధ్య వేలు దూరేంత ఖాళీ. దండి పైభాగంలో చియన్‌జిన్ అనే నూలు దారపు ఉచ్చు రెండు తీగల్నీ దండి వైపు లాగి కడుతుంది. పలికే తీగ ఆ ఉచ్చు నుంచి బ్రిడ్జి దాకా, నలభై సెంటీమీటర్ల లోపు. స్వరం మార్చాలంటే వేలి మెత్తటి కండతో తీగను తాకడమే. తీగ చివర ఆనేది వయొలిన్‌లో నల్లచేవ పలక మీద, ఇక్కడ మాత్రం మనిషి వేలి మీద. కండ మెత్తన కాబట్టి బాగా ఎత్తైన అనుస్వరాలను కొంత పీల్చేస్తుంది, ఉక్కు తీగ కరకుదనం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పలక లేకపోవడంతో వేలికి ఒకటికి రెండు పనిముట్లు దొరికాయి. వేలిని పైకీ కిందికీ జరిపితే తీగ పొడవు మారుతుంది, అది వయొలిన్‌లోనూ ఉంది. వేలిని లోపలికి నొక్కితే తీగ సాగి దాని బిగువు పెరుగుతుంది, శ్రుతి లేస్తుంది. వయొలిన్ మీద పలక అడ్డొస్తుంది కాబట్టి అలా నొక్కి లాభం లేదు. తీగ శ్రుతి బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఎక్కాలంటే బిగువు ఎనిమిదో వంతు పెరిగితే చాలు, అనుభవమున్న వేలికి అది పెద్ద పని కాదు. అందుకే ఎర్హు శిక్షణలో కంపనం ఒకటిగా ఉండదు. వేలి కీలును దొర్లించి పుట్టించేది ఒకటి, నొక్కి వదిలి పుట్టించేది ఇంకొకటి, జార్చి పుట్టించేది మరొకటి. కర్ణాటక సంగీతం వినేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. వీణ మీద మెట్టు పక్కకు తీగను లాగి గమకం పలికించేటప్పుడు జరిగేది కూడా బిగువు మార్చడమే. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ళ జముకులోనూ, తెలంగాణ బైండ్లవారి జమిడికలోనూ చర్మానికి కట్టిన తీగ బిగువును చేత్తో పెంచుతూ తగ్గిస్తూ మాటకు వంత పాడిస్తారు.

శ్రుతి ఇలా ఊగినప్పుడు చర్మం ఏం చేస్తుందన్నది ఈ వాదనకు గుండెకాయ. లోపలి తీగను 440 హెర్ట్జ్ దగ్గర పట్టి, దాని చుట్టూ అటు పావు స్వరం, ఇటు పావు స్వరం ఊపామనుకోండి. మూలస్వరం 13 హెర్ట్జ్ పైకీ కిందికీ తిరుగుతుంది. అదే సమయంలో పదో అనుస్వరం 4400 దగ్గర దాదాపు 130 హెర్ట్జ్ మేర తిరుగుతుంది. చర్మపు అనునాదాలు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. కాబట్టి ఊగుతున్న ప్రతి అనుస్వరమూ ఏదో ఒక అనునాదపు గట్టు ఎక్కి దిగుతుంది, ఒకటి బిగ్గరవుతుంటే దాని పక్కది సన్నబడుతుంది. సెకనుకు ఐదారు సార్లు ఊగే స్వరంలో ప్రతి ఊపుకూ నాదపు రంగు మారిపోతుంది. పాడే గొంతులో జరిగేది అచ్చంగా ఇదే. స్వరతంత్రుల శ్రుతి ఊగుతుంటే నోటి అనునాదాలు నిలకడగా ఉంటాయి. ఎలక్ట్రానిక్ పరికరం ఒకే స్వరాన్ని, ఒకే రంగులో ఊపినప్పుడు యంత్రం పలికినట్టు ఎందుకుంటుందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. ఎర్హు శ్రుతి స్త్రీ గొంతు పలికే స్థాయిలోనే మొదలవుతుందన్నది దీనికి తోడు. రంపపు పళ్ళ మూలధ్వని, ఎగుడు దిగుడు చర్మం, పొడవూ బిగువూ రెండూ మార్చగల వేలు, స్త్రీ గొంతు స్థాయి: ఈ నాలుగూ ఒకచోట కలిసినప్పుడు చెవి దాన్ని గొంతుగా పోల్చుకోవడంలో వింతేముంది?

కుడిచేతి సంగతి కూడా ఇలాంటిదే. వయొలిన్ కమాను తీగల మీద పైనుంచి ఆనుతుంది, దాని బరువు ఎప్పుడూ తీగ మీద ఉంటుంది. ఎర్హు తీగలు నిలువుగా ఉంటాయి, కమాను అడ్డంగా నడుస్తుంది. దాని బరువు డబ్బా మీద పడుతుంది, తీగ మీద పడేది వేళ్ళు కావాలని పెట్టిన ఒత్తిడి మాత్రమే. లోపలి తీగ వాయించేటప్పుడు కుడిచేతి నడిమి వేలూ ఉంగరపు వేలూ వెంట్రుకల్నే నేరుగా నొక్కి బిగిస్తాయి. దాంతో శూన్యం నుంచి మొదలుపెట్టి ఒత్తిడిని వెంట్రుకవాసి చొప్పున పెంచవచ్చు. స్వరం ఎక్కడ మొదలైందో తెలియకుండా పుట్టి, ఉబ్బి, తగ్గి, ఊపిరిలా పోవడం దీనివల్లే సాధ్యం. మూల్యం కూడా స్పష్టంగానే ఉంది. రెండు తీగలూ ఒకేసారి పలకవు. వయొలిన్‌లా రెండు మూడు స్వరాలను దొంతర పెట్టడం ఎర్హు వల్ల కాదు. ఏకస్వర సంగీతానికి ఇది నష్టమే కాదని కొందరంటారు. నేనంత దూరం పోను. నష్టమే, కానీ గొంతు కూడా ఒకేసారి రెండు స్వరాలు పాడదు.

మరో మూల్యం ఎర్హు నేర్చుకునే ప్రతివారికీ తెలుసు. వాళ్ళు దాన్ని తోడేలు స్వరం అంటారు. ఏదో ఒక స్వరం దగ్గరికి రాగానే నాదం గద్గదమై, వణికి, గరగరమంటుంది. తీగ పౌనఃపున్యం చర్మపు బలమైన అనునాదంతో సరిగ్గా కలిసినచోట, తీగలోని శక్తిని చర్మం కాజేస్తుంది. దాంతో హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన గస్తీ తప్పిపోతుంది. చెల్లో మీద ఇదే గద్గదాన్ని రామన్ 1916లోనే పరిశోధించారు. ఆ తర్వాత ఒక యంత్రంతో వయొలిన్ కమాను నడిపించి, అనునాదం దగ్గరకొచ్చే కొద్దీ స్వరం నిలబడటానికి కావలసిన కనీస ఒత్తిడి ఎలా పెరుగుతుందో కొలిచారు. బరువైన చెక్క కన్నా తేలికైన చర్మం తీగకు ఎక్కువ లొంగుతుంది. అంత చిన్న డబ్బా అంత దూరం వినిపించడానికి కారణం ఆ లొంగుబాటే, తోడేలు స్వరానికి కారణం కూడా అదే. ఒకటి కావాలంటే రెండోదాన్ని భరించాలి. అందుకే బ్రిడ్జి కింద తీగలకూ చర్మానికీ మధ్య చిన్న ఫెల్ట్ ముక్కనో గుడ్డ మడతనో దూర్చి చర్మాన్ని కొద్దిగా అణుస్తారు. ఆ ముక్క ఎంత మందం ఉండాలి, ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద వాద్యకారులు గంటలు గడుపుతారు.

ఇప్పుడు గట్టి అభ్యంతరం. ఇవన్నీ ఆచారం కొద్దీ మిగిలిపోయినవి కావచ్చు కదా, తాతల నాటివని ఎవరూ చెయ్యి పెట్టకపోవచ్చు కదా? చరిత్ర దీన్ని సమర్థించదు. 1922లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పడానికి చేరిన ల్యూ థియన్‌హ్వా (1895–1932) ఎర్హును నాటకశాలల నుంచి, వీధి మూలల నుంచి కచేరీ వేదికకెక్కించిన మనిషి. ఆయన వయొలిన్‌ను కూడా శ్రద్ధగా నేర్చుకున్నారు. తన పది ఎర్హు రచనల్లో, 47 సాధన పాఠాల్లో వయొలిన్ నుంచి తెచ్చుకోదగినవి మొహమాటం లేకుండా తెచ్చుకున్నారు. చేతి స్థానాలు మార్చే పద్ధతి, కమానును వేగంగా వణికించడం, 1931 నాటి ఒక కవాతు రచనలో పాశ్చాత్య ధోరణి, అన్నీ వాటిలో కనిపిస్తాయి. వేలిపలక మాత్రం తేలేదు. 1950ల తర్వాత పట్టు తీగలు పోయి ఉక్కు తీగలొచ్చాయి, శ్రుతి స్థిరపడింది, డబ్బా ఆకారాలూ చెక్కలూ మారాయి. అంతటి తెగింపు ఉన్నవాళ్ళకు ఒక చెక్క బద్ద అతికించడానికి భక్తి అడ్డొచ్చిందంటే నమ్మడం కష్టం. పైగా ఉక్కు తీగ రాకతో పలక లేకపోవడం విలువ ఇంకా పెరిగింది. ఒకే మేర సాగదీస్తే పట్టుకన్నా ఉక్కులో బిగువు ఎక్కువ పెరుగుతుంది, వేలి నొక్కుకు తీగ మరింత చురుగ్గా స్పందిస్తుంది. పట్టు తీగ నాటి గొంతు ఎలాంటిదో వినాలంటే 1950లో వుషీ నగరంలో చేసిన రికార్డింగు ఉంది. చూపు పోయి వీధుల్లో వాయించుకు బతికిన అబింగ్ దగ్గరికి సంగీత చరిత్రకారులు యాంగ్ యిన్‌ల్యూ, త్సావ్ అన్‌హ వెళ్ళి, లోహపు తీగ మీద ధ్వనిని అయస్కాంతంగా ముద్రించే యంత్రంతో మూడు ఎర్హు పాటలు, పీపా అనే మీటే వాద్యం మీద మూడు పాటలు పట్టుకున్నారు. ఆ ఏడు చివర్లోనే అబింగ్ చనిపోయారు. వాటిలో చంద్రుడు ప్రతిబింబించే ఊట గురించిన పాట ఇవాళ చైనాలో తెలియనివారుండరు. ఆయన వాద్యం శ్రుతి నేటికన్నా తక్కువ, తీగలు మందం. అయినా ఆ జీర, ఆ నొక్కు అక్కడే ఉన్నాయి.

ఇదే కుటుంబంలోని తోబుట్టువులను చూస్తే ఏ భాగం ఏ పని చేస్తోందో ఇంకా బాగా విడిపడుతుంది. ఉత్తర చైనా నాటకాల్లో వాడే బన్‌హుకు అవే రెండు తీగలు, అదే పలక లేని దండి, తీగల మధ్య కమాను. డబ్బా మాత్రం కొబ్బరి చిప్ప, ముఖం పలుచని చెక్క. దాని నాదం చురుగ్గా, సూటిగా, చెవిని గుచ్చేలా ఉంటుంది, గొంతని ఎవరూ అనరు. తేడా చర్మందేనని ఇక్కడే తేల్చెయ్యాలని ఉంటుంది గానీ, దక్షిణాన యెహు అనే ఇంకో చెల్లెలు ఉంది. దానిదీ కొబ్బరి చిప్పే, చెక్క ముఖమే, కానీ దాని పలుకు మెత్తన. కాబట్టి చెక్క అనగానే కరకు, చర్మం అనగానే మెత్తన అని సూత్రం కట్టలేం. తీగ, పరిమాణం, శ్రుతి అన్నీ కలిసే పనిచేస్తాయి. నాకు అంతకన్నా బలంగా తోచే సాక్ష్యం మన దగ్గరుంది. సారంగి ముఖం మేక చర్మం, దాని తీగను పలక మీద అదమరు, గోటి మొదలుతో పక్క నుంచి ఒత్తుతారు. హిందుస్తానీ సంగీతంలో గొంతుకు అతి దగ్గర వాద్యమన్న పేరు దానిదే. కమాను తీగల మధ్య లేదు, సహాయక తీగలు ముప్ఫైకి పైగా ఉన్నాయి, దేశం వేరు, సంగీతం వేరు. ఎర్హుతో దానికి కలిసేవి రెండే: చర్మపు ముఖం, అదమని తీగ. పేరు కూడా అదే వచ్చింది. రెండూ మధ్య ఆసియా దారుల్లో ఎక్కడో ఒకే పూర్వజుల నుంచి పుట్టి ఉండవచ్చని ఎవరైనా అంటే కాదనను. కానీ పూర్వజుల నుంచి వచ్చినవెన్నో రెండూ వదిలేసుకున్నాయి, ఈ రెంటినీ వదల్లేదు.

గొంతు సరే, ఏడుపు సంగతేమిటి? ఎర్హు అనగానే విషాదమనే పేరు సినిమాలూ, రేడియో నాటకాలూ అంటించినదే తప్ప తీగలో ఉన్నది కాదు. హ్వాంగ్ హైహ్వై కూర్చిన గుర్రపు పందెం పాట మూడు నిమిషాల లోపు పరుగు, చివర్లో గుర్రం సకిలింపు కూడా ఎర్హే పలుకుతుంది. ల్యూ థియన్‌హ్వా రచనల్లో పక్షుల కిలకిలలున్నాయి. భౌతికశాస్త్రం వాద్యానికి గొంతు మాత్రమే ఇచ్చింది, ఆ గొంతు ఏడవాలో నవ్వాలో కూర్చినవాళ్ళు తేల్చారు. గొంతు ఇంత మనిషిలా ఉండబట్టే ఏడిస్తే మనకు అంత తగులుతుందన్నది వేరే సంగతి.

చర్మం గురించి ఇంత చెప్పాక పాము గురించి చెప్పకుండా తప్పించుకోలేం. కొండచిలువల జాతులు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. 2005 నుంచి చైనాలో ఎర్హులకు, వాటి చర్మం పెంపకపు పాములదేనన్న ధ్రువపత్రం ఉండాలనే నియమం వచ్చింది. ప్రత్యామ్నాయం కోసం గట్టిగా పనిచేసింది హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా. వాళ్ళు పాలియెస్టర్ పొరతో ఎర్హు కుటుంబాన్నంతా మళ్ళీ తయారుచేయించి వేదికెక్కించారు. పాము చర్మం లేకుండానే పని నడుస్తుంటే చర్మం మీద ఇంత వాదన ఎందుకని అడగొచ్చు. నేను చెప్పింది సన్నగా, తేలికగా, బిగువుగా ఉండే పొర గురించి. పొర శ్రుతిని నిర్ణయించేవి దాని బిగువు, చదరపు సెంటీమీటరుకు బరువు, వెడల్పు. పాము అవసరం ఈ లెక్కలో ఎక్కడా లేదు. నిజానికి తోలు వానాకాలంలో తేమ పీల్చి వదులవుతుంది, ఎండకు బిగుస్తుంది, పాలియెస్టర్‌కు ఆ బాధ లేదు. పొలుసుల తోలులో మందం చోటుచోటుకూ మారుతుంది, ఆ మార్పు నాదంలో వినిపిస్తుందని పాత వాద్యానికి అలవాటుపడినవాళ్ళు అంటారు. కాదనలేం. కానీ పట్టు తీగ పోయినప్పుడు కూడా అలాగే అన్నారు.

పొర ఉండి, పలక కూడా పెడితే ఏమవుతుందో 20వ శతాబ్దిలోనే ఒక ప్రయోగం జరిగింది. చైనా వాద్యబృందాలకు మంద్ర స్థాయి వాద్యం లేదని, యాంగ్ యూసెన్ గెహు అనే దాన్ని తయారుచేశారు. చెల్లోకు ఉన్నట్టే నాలుగు తీగలు, అదే శ్రుతి, వేలిపలక, తీగల బయట నడిచే కమాను, డబ్బాకు మాత్రం పాము చర్మం. కొంతకాలం చాలా బృందాలు వాడాయి. తర్వాత ఒక్కొక్కరే దాన్ని పక్కన పెట్టి నేరుగా చెల్లో తెచ్చుకున్నారు. పలక పెట్టాక దానికి ఎర్హు వేలి నొక్కు లేకుండా పోయింది, అటు చెక్క ముఖం లేనందువల్ల చెల్లో నిండుతనమూ రాలేదు. హాంకాంగ్ బృందం మాత్రం తన పాలియెస్టర్ గెహును ఇప్పటికీ నడిపిస్తోంది కాబట్టి ఆ దారి పూర్తిగా మూసుకుపోయిందని చెప్పను. ఇక్కడ నా వాదనకు కూడా ఒక హద్దుంది. మంద్ర స్వరాల తరంగాలు మీటర్ల పొడవుంటాయి, వాటిని పంపాలంటే ముఖం పెద్దది కావాలి. ఎర్హును గొంతుగా మార్చిన ఆ చిన్న పొర కింది స్వరాలకు బొత్తిగా పనికిరాదు. అందుకే ఇవాళ చైనాలో చాలా బృందాల్లో ముందు వరసల్లో ఎర్హులు, వాటి పక్కనో వెనకనో చెల్లోలు, డబుల్ బాస్‌లు కూర్చుంటాయి.